ఆదివారాల అన్న

వార్త తెలిసిన పొద్దున మా ఆఫీసు తెలుగు వాళ్ల వాట్సాప్ గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలే. ఒకరు దీపం పెట్టారు, ఇంకొకరు తెల్ల పావురం పెట్టారు. 'అన్న లేని లోటు ఎవరూ తీర్చలేరు' అని నరేశ్ రాశాడు. నేను ఏమీ పెట్టలేదు. ఫోన్ బోర్లించి టీ తాగాను. ఆ రోజు టీ బాగా కుదిరింది.

ఆ అన్నను 'ఆయన' అని రాస్తున్నానంటే గౌరవం ఉండి కాదు. మా ఇంట్లో శత్రువును కూడా ఆయన అనే అంటాం. వాడూ వీడూ అని తిట్టి కడుపు చల్లబరచుకునే అలవాటు మాకు లేదు. పేరు మాత్రం రాయను. ఆ పేరును మెచ్చుకునే నోళ్లు ఈపాటికే చాలా ఉన్నాయి.

ఎలా పోయారో చెప్తే చాలు, మనిషి అర్థమవుతారు. సోమవారం పొద్దున ఆఫీసు కింద పార్కింగ్‌లో, ఇంకా కారు దిగకుండానే ఫోన్లో మీటింగ్‌లో చేరారు. చెవికి హెడ్‌సెట్ ఉంది, మైకు మూసి ఉంది. గుండె అక్కడే ఆగింది. పైన టీము మొత్తం ఆయన మౌనంగా వింటున్నారనే అనుకుంది. ఆయన మాటకన్నా మౌనానికే మాకు భయం. ఆ మౌనానికి జడిసి నరేశ్ తన పనిలో ఎవరూ అడగని తప్పులు కూడా తానే ఒప్పుకున్నాడు. ఇక చాలని ఆయన అనలేదు కాబట్టి ఎవరూ మీటింగ్‌లోంచి బయటికి రాలేదు. చనిపోయిన మనిషికి చాలాసేపు సంజాయిషీ చెప్పుకుంటూ కూర్చున్నారు. నేను అప్పటికి వేరే టీములో ఉన్నాను. ఇదంతా నరేశే చెప్పాడు, ఏడుస్తూ. నాకు నవ్వొచ్చింది. మర్యాద కోసం ఆపుకున్నాను.

జర్మనీలో, వాల్డార్ఫ్‌ అనే ఊళ్లోని పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ చుట్టూ, దాని పనుల మీద బతికే చిన్న కన్సల్టెన్సీలు చాలా ఉన్నాయి. మాది అందులో ఒకటి. ఆయన మా ప్రాజెక్టు లీడ్. టీములోని తెలుగు వాళ్లందరికీ అన్న. జర్మన్లు ఉన్నంతసేపు మాతో ఇంగ్లీషులో, ఎంతో పద్ధతిగా మాట్లాడేవారు. సాయంత్రం వాళ్లు కోట్లు వేసుకుని వెళ్లిపోగానే తెలుగులోకి దిగేవారు. 'తమ్మీ' అని వినపడితే ఇక ఆ పూట మనది కాదు.

ఆయనకొక అలవాటుండేది. పని అడగబోయే ముందు కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో నెమ్మదిగా తుడిచేవారు. అద్దాలు లేని ఆ కళ్లు అప్పుడే నిద్రలేచిన పసివాడి కళ్లలా ఉండేవి. గొంతు తగ్గేది.

"ఒక్క చిన్న పని ఉండె తమ్మీ. నీకు కష్టమైతే చెప్పు, నేనే జేసుకుంట."

ఆ 'నేనే జేసుకుంట' ముందు ఎవరూ నిలబడలేకపోయేవారు. అద్దాలు మళ్లీ ముక్కు మీదికి ఎక్కేసరికి పని మన చేతిలో ఉండేది.

"జర్మనోళ్లకు గంట గొడితె పని అయిపోతది," అనేవారు. "మనకు పని అయిపోతె గంట గొడతది."

ఎవరైనా నిద్ర పట్టడం లేదన్నా, ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందన్నా నవ్వేవారు. "స్ట్రెస్సా? ఎర్రటెండల నాటేసేటోళ్లకు లేని స్ట్రెస్సు హీటర్ పక్కన కూసునేటోనికి ఎక్కడికెల్లి వచ్చింది? పేర్లు వెడితెనే రోగాలు వస్తయ్ తమ్మీ."

సాయం చేయలేదని అనను. కొత్తగా దిగినవాణ్ని స్టేషన్‌లో ఎదుర్కొనేది ఆయనే. "టెర్మిన్ దొరికిందా?" అని అపాయింట్‌మెంటు గురించి రోజూ అడిగి, ఆన్‌మెల్డుంగ్ కోసం నగరపాలిక ఆఫీసుకు వెంట వచ్చి, చిరునామా నమోదయ్యేదాకా పక్కనే నిలబడేవారు. మన అమ్మ నంబరు అప్పుడే తీసుకునేవారు. తరువాత ఎప్పుడైనా మనం పనికి మొరాయిస్తే, ఊళ్లో ఆ అమ్మకు ఫోన్ వెళ్లేది. నరేశ్ వాళ్లమ్మ ఒకసారి కొడుక్కి ఫోన్ చేసి, "ఆ అన్న మాట జవదాటకు బిడ్డా, దేవుడసొంటోడు," అని ఏడ్చిందట. నరేశ్ మళ్లీ మొరాయించలేదు.

నన్ను మాత్రం తమ్మీ అనలేదు. దొర అనేవారు. మాది కోటలాంటి గడి ఉన్న ఇల్లు. ఆయనది మా పక్క పట్నం. బడికి పోయే రోజుల్లో సైకిలు మీద వచ్చి మా గోడ చూసి పోయేవారట. ఆ గడి పెంకులు మా తాత ఉండగానే జారిపోయాయి. మిగిలిన ముందు వాకిట్లో ఇప్పుడు పెళ్లికి ముందు జంటలు వచ్చి ఫోటోలు దిగుతుంటారు. ఇదంతా ఆయనకు తెలుసు. తెలిసే, క్యాంటీన్ వరుసలో అందరి ముందు, "జరుగుండ్రి, దొరకు తొవ్వ ఇయ్యుండ్రి," అనేవారు. అందరూ నవ్వేవాళ్లు. నేను ఆ తొవ్వన నడిచేవాణ్ని. నలుగురు నవ్వుతుంటే వెన్ను వంచకుండా నడవడం ఒక్కటే మా వాళ్లు నాకు ఇచ్చిన ఆస్తి.

ఆ కాలంలోనే నా దవడ పన్ను విరిగింది. గట్టిది ఏదీ కొరకలేదు. పెరుగన్నం తింటుంటే విరిగింది. డెంటిస్టు చూసి, నిద్రలో పళ్లు నూరుతున్నారు, పనిలో ఒత్తిడి ఉందా అని అడిగింది. లేదన్నాను. నిద్రలో పళ్లకు తగిలించుకునే ప్లాస్టిక్ తొడుగు చేసిచ్చింది. పని ఒత్తిడి గురించి నేను నేర్చుకున్న మొదటి పాఠం అదే. పగలు మింగిన మాటలన్నీ దవడ నిద్రలో నములుతుంది.

కంపెనీ ఒకసారి ఇదే విషయం మీద మాకు శిక్షణ ఏర్పాటు చేసింది. వచ్చిన జర్మన్ శిక్షకురాలు కుర్చీలు గుండ్రంగా వేయించి, అరచేతుల్లో తలా ఒక గులకరాయి పెట్టి, కళ్లు మూసుకుని దాని బరువు గమనించమంది. తరువాత, ఒత్తిడి ఎక్కడ మొదలవుతుందని అడిగింది. అందరికన్నా ముందు ఆయన చెయ్యెత్తారు. కాదని చెప్పలేకపోవడంలో, అని చక్కటి జర్మన్‌లో జవాబిచ్చారు. ఆమె ముఖం వెలిగింది. వెంటనే మమ్మల్ని ఇద్దరిద్దరిగా జత చేసింది. ఒకరు ఏదైనా అడగాలి, రెండోవారు కళ్లలోకి చూసి 'నైన్' అనాలి. కాదని చెప్పడం సాధన చేయాలన్నమాట. నాకు జతగా ఆయన పడ్డారు.

అద్దాలు తీశారు. తుడిచారు.

"దొరా, శనివారం జర ఆఫీసుకొస్తవా? నువ్వు లేకుంటే నడవది."

"నైన్," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి మా తాత గొంతుతో వచ్చింది. శిక్షకురాలు చప్పట్లు కొట్టింది. అందరూ కొట్టారు. అందరికన్నా గట్టిగా ఆయనే కొట్టారు.

మెట్లు దిగుతుంటే భుజం మీద చెయ్యి వేశారు. "మంచిగ జెప్పినవ్ దొరా. శనివారం తొమ్మిదింటికల్ల రా. నేను ముందే వచ్చి తలుపు తీసి పెడుత."

ఈ దేశంలో ఉండనిచ్చే నా బ్లూ కార్డు ఇంకా ఆ ఉద్యోగానికే ముడిపడి ఉన్న రోజులవి. గులకరాయి జేబులో వేసుకున్నాను. శనివారం వెళ్లాను.

ఇక ఆదివారాలు. ఇక్కడ ఆదివారం దుకాణాలు మూస్తారు. కొత్తగా వచ్చినవాడికి వీధిలో పలకరించే మనిషి ఉండడు. సరిగ్గా ఆ రోజు ఆయన పిలుపు వచ్చేది. "మీ వదిన పొద్దుగాల్నుంచి పొయ్యి కాడనే ఉన్నది. మీరు రాకపోతే మనసు కష్టం జేసుకుంటది." వెళ్తే నిజంగానే బగారన్నం, మాంసం, పచ్చిపులుసు. ఆవిడ వడ్డించి వంటింట్లోకి వెళ్లిపోయేది. మాతో కూర్చుని తినగా ఎప్పుడూ చూడలేదు. మూలుగున్న నల్లి బొక్క ఎవరి కంచంలో వేయాలో ఆయన కనుసైగతో చూపించేవారు. వచ్చే వారం పని ఎవరి మీద పడబోతోందో దాన్నిబట్టి మాకు తెలిసిపోయేది. చేతులు కడుక్కుని వచ్చేసరికి అదే టేబుల్ మీద కంచాలు పోయి ల్యాప్‌టాప్‌లు వచ్చేవి.

"తిన్నది అరగాలె గద," అనేవారు.

నాకు ఆ కిటుకు పూర్తిగా కొత్తది కాదు. మా పూర్వులు వెట్టి చేయించుకున్నారు. ఆ సంగతి నేను ఎక్కడా దాచలేదు. కాని మా గడిలో దాన్ని వెట్టి అనే పిలిచారు. చేసేవాడికి అది వెట్టి అని తెలుసు. తెలుసు కాబట్టి కసి పెంచుకున్నాడు, ఒకనాడు తిరగబడ్డాడు, మమ్మల్ని కూల్చాడు. న్యాయమే. మనిషి చేత బాంచన్ అనిపించకుండా, అన్నా అనిపించి వెట్టి చేయించుకోవడం మా తాతలకు చేతకాలేదు. ఈయనకు చేతనైంది. అన్న మీద ఎవరు తిరగబడతారు?

స్రవంతి మాత్రం తిరగబడాల్సింది.

కరీంనగర్ పిల్ల. టీములో అందరికన్నా చిన్నది. ప్రొబెజైట్‌లో ఉంది. ఆ గడువు పూర్తయ్యేలోపు కారణం చెప్పకుండానే ఉద్యోగం తీసేయవచ్చు. హైడెల్‌బర్గ్ నుంచి రోజూ రైల్లో వచ్చేది. ఒక పొద్దున రైలు తలుపులు తెరుచుకున్నాయి, ఆమె కాళ్లు కదలలేదు. ఆ రైలు పోయింది. తరువాతిదీ పోయింది. మధ్యాహ్నం దాకా టిఫిన్ డబ్బా పట్టుకుని ప్లాట్‌ఫాం మీద నిలబడే ఉందట. ఎవరో ముసలావిడ చూసి, చెయ్యి పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరు రెండు వారాలు పని ముట్టవద్దని సెలవు రాసింది. ఈ దేశంలో డాక్టరు అలా రాస్తే ఇక ఆఫీసు నుంచి ఫోన్ కూడా రాకూడదు.

ఆయన ఫోన్ చేయలేదు. పరామర్శకు బయలుదేరారు. నన్ను తోడు రమ్మన్నారు. ఆయన భార్య చారు, మెత్తటి అన్నం క్యారియర్‌లో సర్ది, గుడ్డసంచిలో పెట్టి ఇచ్చింది. "జరమొచ్చిన నోరు గావచ్చు, ఉప్పు తక్కువేసిన," అని చెప్పి పంపింది. స్రవంతి ఉండేది పై అంతస్తు, లిఫ్టు లేదు. కారు దిగగానే, "దొరా, సంచి వట్టుకో," అన్నారు. మోశాను. చారుకు ఇంత బరువేమిటా అనుకున్నాను.

స్రవంతి దుప్పటి కప్పుకుని కూర్చుంది. ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టారు. గిన్నెలు విప్పి, కలిపి, తినేదాకా పక్కనే ఉన్నారు. తరువాత అద్దాలు తీశారు. సంచి అడుగు నుంచి ఆఫీసు ల్యాప్‌టాప్ తీసి ఆమె ఒళ్లో పెట్టారు.

"పండుకో చెల్లె. మంచిగ రెస్టు తీస్కో. గీ ఒక్క మెయిల్ జూసి పండుకో."

"అన్నా, డాక్టర్ వద్దన్నది..."

"డాక్టర్‌కు నువ్వు పేషెంటువు. నాకు చెల్లెవు."

"ఆమెకు సెలవు రాసిచ్చారు," అన్నాను నేను. "అది తీసుకోండి. వెళ్దాం పదండి."

ఆయన నా వైపు తిరగలేదు. "దొరలకు ఆడపిల్లల బాధలు ఏమెరుక? పని కుప్ప వడితె, వాపస్ వచ్చినంక పిల్ల ఆగమైతదని నా గోస."

ల్యాప్‌టాప్ మూత స్రవంతే తెరిచింది. ఒక్క మెయిల్ రెండు వారాలు సాగింది.

సెలవులో ఉన్న మనిషి పని చేసినట్టు ఆఫీసు కంప్యూటర్లలో కనపడింది. సిబ్బంది వ్యవహారాలు చూసే జర్మన్ ఆవిడ మా ముగ్గురినీ కూర్చోబెట్టింది. ఆవిడకు కావలసింది ఒక్క పేరు, పని చేయించినవాడి పేరు. స్రవంతి ఆ పేరు చెప్తే ఆయన కుర్చీకే ఎసరు. నేను చెప్పాను, సంచి మోసిన సంగతితో సహా. స్రవంతి తల దించుకుని, ఎవరూ అడగలేదు, ల్యాప్‌టాప్ నేనే తెమ్మన్నాను అంది. ఆయన అద్దాలు తుడుచుకుంటూ, చాలా ఉత్సాహం గల అమ్మాయి, ఎంత చెప్పినా వినలేదు అన్నారు. ఆ వారంలోనే ఆమెను పంపేశారు. నిబంధనలు పాటించని మనిషి అన్నారు.

ఎందుకు అబద్ధం చెప్పావని కారిడార్‌లో అడిగాను.

"అన్న ఇంట్ల అన్నం తిన్న గద," అంది. "చారు వంపిన వదిన మొఖం ఎట్ల జూడాలె?"

జర్మన్ ఆవిడకు ఈ జవాబు ఏ భాషలో చెప్పినా అర్థం కాదు. ఆయనకు మాత్రం ముందే తెలుసు. ఆ పిల్ల ఇలాగే చెప్తుందని తెలిసే అంత నింపాదిగా అద్దాలు తుడుచుకున్నారు.

తరువాతి ఆదివారం నేను వెళ్లలేదు. మళ్లీ ఎప్పుడూ వెళ్లలేదు. ఆయన కోపం చూపించలేదు. సోమవారం పొద్దున నా టేబుల్ మీద కూర డబ్బా పెట్టారు. "నల్లి బొక్క ఏపిచ్చిన. దొరకు అలిగే హక్కున్నది," అన్నారు, అందరికీ వినపడేలా. మూత తీయకుండా తీసుకెళ్లి ఆయన టేబుల్ మీద పెట్టి వచ్చాను. తరువాతి సోమవారం మళ్లీ డబ్బా. మళ్లీ వాపసు. నేను టీము మారినా అది ఆగలేదు. మా ఇద్దరి మధ్య నడిచిన యుద్ధమంతా ఆ డబ్బాతోనే నడిచింది. నేను ఒక్క రోజు కోసం ఎదురుచూశాను. ఆ ఇంట్లో, ఆ టేబుల్ దగ్గర, అందరి ముందు ఆయన చేసింది బయటపడే రోజు. ఆ రోజు రాకముందే ఆయన పార్కింగ్‌లో తప్పించుకున్నారు.

స్రవంతి ఇప్పుడు కెమ్నిట్జ్‌లో పని చేస్తోంది. ఫోన్ చేసి వార్త చెప్పాను. సంతోషిస్తుందని కాదు, కనీసం ఊరుకుంటుందని అనుకున్నాను. ఏడ్చింది. "పాపం అన్న," అంది.

"రైలు ఎక్కగలుగుతున్నావా?" అని అడిగాను.

"బస్సుల పోతున్న," అంది.

అంత్యక్రియలు ఆయన ఊళ్లో జరిగాయి. అక్కడికి వెళ్లలేకపోయిన మా కోసం, నెల మాసికం నాడు ఇక్కడ పిట్టకు పెడుతున్నానని ఆయన భార్య ఫోన్ చేసింది. పోయినవాడి పేరు మీద పిలిస్తే శత్రువు ఇంటికైనా వెళ్లడం మా పద్ధతి. పైగా ఆ టేబుల్ దగ్గర ఆయన కుర్చీ ఖాళీగా ఉండడం కళ్లారా చూడాలనిపించింది. అది ఆదివారమే.

బాల్కనీ గోడ మీద విస్తరి పెట్టారు. బగారన్నం, మాంసం, గారెలు, కల్లు దొరకదు కాబట్టి గ్లాసులో బీరు. పిట్ట వచ్చి ముట్టేదాకా ఎవరూ తినకూడదు. ముట్టలేదంటే పోయినవారికి ఏదో కోరిక మిగిలిందని నమ్మకం. అయినవాళ్లు ఒక్కొక్కరే వెళ్లి, ఆ కోరిక మేం తీరుస్తామని మాట ఇవ్వాలి. కాకులు లేక కాదు. కింద రోడ్డు పక్కన రెండు కాకులు ఎవరో పారేసిన బ్రెట్జెల్ రొట్టె ముక్క కోసం కొట్టుకుంటున్నాయి. మా వైపు తల కూడా ఎత్తలేదు. భోజనం వేళ దాటిపోయింది. వంటింటి వాసనకు కడుపులు అరుస్తున్నాయి. పోయాక కూడా ఆదివారం పూట మమ్మల్ని ఆ టేబుల్ దగ్గర ఆపి కూర్చోబెట్టారు ఆయన.

ముందు నరేశ్ వెళ్లాడు. ఆయన స్థానంలో ఇప్పుడు అతనే లీడ్. "అన్నా, ప్రాజెక్టు ఫికర్ జెయ్యకు. శనివారం, ఆదివారం గూసొనైన టైముకు ఇస్తం." కాకి రాలేదు. మిగతావాళ్లూ వెళ్లి ఏవేవో మాటలు ఇచ్చి వచ్చారు. రాలేదు.

"ఇగ దొరనే మిగిలిండు," అన్నాడు నరేశ్ నాతో. "నీమీదనే పాణం గొట్టుకుంటున్నట్టున్నది. పొయ్యి ఒక్క మాట జెప్పరాదే, తిందుము."

మాట ఇస్తే క్షమించినట్టే. ఇవ్వనని ఇంటి దగ్గరే నిర్ణయించుకుని వచ్చాను. కుర్చీలోంచి లేవలేదు.

అప్పుడు వంటింట్లోంచి ఆవిడ వచ్చింది, చేతిలో గరిటెతో.

"మీరేనా, నా డబ్బ మూత గూడ తియ్యకుండ వాపస్ వంపింది?"

"నేనేనమ్మా."

"నా చేతి కూర ఏం పాపం జేసింది? వీళ్లందరు వస్తమని పట్టువట్టి వచ్చెటోళ్లు. వద్దన్నా ఇనరు, పోరగాండ్లకు నీ వంటంటే పాణం అనెటోడు ఆయన. ఈ దేశమొచ్చినకాడికెల్లి ఒక్క ఆదివారం ఇద్దరం గూసొని తిన్నది లేదు. పోనీ, తల్లిని ఇడిసిపెట్టి వచ్చిన పిల్లలు అని ఊకున్న. మీరేమో డబ్బ తిప్పి గొట్టిన్రు."

టేబుల్ చుట్టూ ఎవరూ తలెత్తలేదు. నరేశ్ తన ల్యాప్‌టాప్ సంచిని కాలితో కుర్చీ కిందికి నెట్టాడు.

నేను ఎదురుచూసిన రోజు అదే. వినాల్సిన మనిషే లేరు.

లేచి నిలబడ్డాను. "మేము వస్తామని ఎన్నడూ అడగలేదమ్మా. మేము రాకపోతే మీరు మనసు కష్టపెట్టుకుంటారని చెప్పి పిలిచేవారు."

ఆవిడ నరేశ్ వైపు తిరిగింది. "నిజమేనా?"

నరేశ్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు. తాగలేదు.

"స్రవంతి గుర్తుందా?" అని అడిగాను.

"ఎందుకు లేదు? చారు వంపిన. అటెన్క మల్ల కనవడలే. మంచి నౌకరి దొరికి పోయింది అన్నడు."

చెప్పాను. డాక్టరు రాసిన సెలవు, ల్యాప్‌టాప్, ఆ పిల్ల ఆడిన అబద్ధం, ఎవరి ముఖం చూడలేక ఆడిందో అదీ. గొంతు తగ్గించలేదు. బాల్కనీ తలుపు తెరిచే ఉంది. విస్తరి దాకా వినపడాలనే చెప్పాను.

ఆవిడ ఒక్కటే అడిగింది. "చారు వెట్టిన సంచిలనా?"

"ఆ సంచిలోనే. క్యారియర్ కింద. నేనే మోశాను."

గరిటె టేబుల్ మీద పెట్టింది. బాల్కనీలోకి వెళ్లి విస్తరిని రెండు చేతులా ఎత్తుకుని, మా మధ్య నుంచి నడిచి, చెప్పులు వేసుకుని మెట్లు దిగింది. మేం పైనుంచి చూశాం. పెరట్లో వరసగా ఉన్న రంగురంగుల చెత్త డబ్బాల ముందు ఒక్క క్షణం ఆగి, తిండి వ్యర్థాలు వేసే గోధుమరంగు బయోటోనె మూత ఎత్తింది. విస్తరిని అందులో వంచి, మూత వేసింది. పైకి వచ్చి చేతులు కడుక్కుంది.

"వదినా, పిట్ట ముట్టలే ఇంక..." అన్నాడు నరేశ్.

"నాకు ఆకలైతుంది. కూసోండ్రి."

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుంది. ముందు తన కంచంలో వడ్డించుకుంది. తరువాత గిన్నెలో గరిటె తిప్పి, వెతికి, నల్లి బొక్క తీసి నా కంచంలో వేసింది.

విరిగిన పన్ను వైపే పెట్టుకున్నాను. మూలుగ మొత్తం వచ్చేదాకా వదల్లేదు.